రోగి వేలి నుంచి ఒక రక్తపు చుక్క: సర్ రోనాల్డ్ రాస్ జీవితం

జ్వరం తగిలి ఆసుపత్రికి పోయిన మనిషికి మందు కన్నా ముందు జరిగేది పరీక్ష. వేలికొనను దూదితో తుడిచి, సూదితో గుచ్చి, ఒక చుక్క రక్తాన్ని గాజుపలక మీద పడతారు. గొంతులో పుండు లేస్తే పుల్లకు చుట్టిన దూదిని గొంతులో అద్ది తీస్తారు. 2020, 2021 సంవత్సరాలలో కరోనా వచ్చినప్పుడు ముక్కులో పుల్ల పెట్టించుకున్న వాళ్ళు మన దువ్వూరులో, ప్రొద్దుటూరులో, జమ్మలమడుగులో, పులివెందులలో ఎంతమందో లెక్క చెప్పలేము. చుక్క రక్తమైనా, పుల్ల మీది తడి అయినా పని ఒకటే. రోగి ఒంట్లో కంటికి కనపడకుండా దాగిన శత్రువును బయటికి తెచ్చి, ప్రయోగశాలలో వేరొకరి కంటికి చూపించడం.

ఇది చూడటానికి చాలా చిన్న పని. డాక్టరు చేతి మందుకున్న గౌరవం నర్సు చేతి సూదికి లేదు. కానీ ఇంత చిన్న పని మీదనే ఒక మనిషి తన జీవితంలోని మంచి సంవత్సరాలన్నీ ఖర్చు పెట్టినాడు. లోకంలో లక్షలాది ప్రాణాలను నిలబెట్టిన సత్యాన్ని దాని నుంచే రాబట్టినాడు. అదీ ఎక్కడో లండనులోనో, ప్యారిసులోనో కాదు, మన తెలుగుగడ్డ మీద, సికిందరాబాదులో. ఆయనే సర్ రోనాల్డ్ రాస్. జీవశాస్త్రం చదివే విద్యార్థులు ఆ పేరు పాఠంలో ఒక వాక్యంగా చదివి, పరీక్షలో ఒక మార్కు తెచ్చుకొని మరిచిపోతారు. ఆ ఒక్క వాక్యం వెనుక ఉన్న జీవితాన్ని కొంచెం తీరికగా చెప్పుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

బాల్యము, విద్య

రాస్ 1857 మే 13న హిమాలయాల దగ్గరి ఆల్మోరాలో జన్మించినాడు. మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలై అప్పటికి మూడు రోజులే అయింది. తండ్రి బ్రిటిషు వారి భారత సైన్యంలో అధికారి, తరువాత జనరల్ హోదా దాకా ఎదిగినాడు. పదిమంది పిల్లలలో రోనాల్డే పెద్దవాడు. ఎనిమిదేండ్ల వయసులో తల్లిదండ్రులను వదిలి చదువు కోసం ఇంగ్లండులోని బంధువుల ఇంటికి పోవలసి వచ్చింది.

అతనికి చిన్నప్పటి నుంచీ కవిత్వం, సంగీతం, చిత్రలేఖనం, గణితం అంటే ప్రాణం. వైద్యం మీద ఏమాత్రం మనసు లేదు. కానీ తండ్రి మాట తండ్రి మాటే. కొడుకు డాక్టరై, ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి తీరాలన్నాడు. మన ఇండ్లలో ఇప్పటికీ జరుగుతున్నది ఇదే కాబట్టి ఎక్కువ వివరించనక్కర లేదు. 1874లో లండనులోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రి వైద్య విద్యాలయంలో చేరినాడు. చదువు అంతంత మాత్రమే. పాఠ్యపుస్తకాల కన్నా పద్యాల మీద, నాటకాల మీద ఎక్కువ పొద్దు పుచ్చినాడు. 1879లో ఒక పరీక్ష గట్టెక్కి, ఇంకొకదానిలో తప్పినాడు. కొంతకాలం అట్లాంటిక్ మీద తిరిగే ఓడలో వైద్యుడిగా పనిచేసి, మళ్ళీ చదివి, 1881లో ఆ పరీక్ష కూడా నెగ్గి, తండ్రి కోరిన ఉద్యోగంలో చేరినాడు. పరీక్ష తప్పిన విద్యార్థులు ఈ సంగతి గుర్తు పెట్టుకోవచ్చు. నోబెల్ బహుమతి అందుకున్నవాడు కూడా ఒకసారి తప్పినవాడే.

ఉద్యోగం మద్రాసు రాజధానిలో పడింది. మన కడప జిల్లా కూడా అప్పుడు ఆ రాజధానిలోనిదే. మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాను దీవులు అంటూ దండు ఎక్కడికి పోతే అక్కడికి పోవడం, మిగిలిన వేళల్లో పద్యాలు, నవలలు రాసుకోవడం, గణితం చదువుకోవడం, ఇట్లా ఏడేండ్లు గడిచినాయి. బెంగుళూరులో ఉండగా తన బంగళా కిటికీ దగ్గర పెట్టిన తొట్టి నీళ్ళలో దోమ పిల్లలు కుప్పలుగా పెరుగుతున్నాయని గమనించినాడు. నీళ్ళు పారబోస్తే దోమలు తగ్గుతాయని అప్పుడే తెలిసింది. పై అధికారికి చెబితే ఆయన పట్టించుకోలేదు. అప్పటికి ఆ దోమకూ జ్వరానికీ సంబంధం ఉందని రాస్‌కు కూడా తెలియదు.

1888లో సెలవు మీద ఇంగ్లండు పోయినప్పుడు అతని మనసు మారింది. చుట్టూ జనం జ్వరాలతో చస్తుంటే తాను వైద్యుడై ఉండి ఏమీ చేయలేకపోతున్నానన్న దిగులు పట్టుకున్నది. ఆ సెలవులో ప్రజారోగ్యంలో డిప్లొమా తీసుకొని, సూక్ష్మజీవి శాస్త్రం నేర్చుకున్నాడు. 1889లో రోసా బ్లాక్సమ్‌ను పెండ్లి చేసుకొని తిరిగి వచ్చినాడు.

చలిజ్వరం అంటే ఏమిటి?

ఆనాడు మలేరియాకు మనవాళ్ళు పెట్టుకున్న పేరు చలిజ్వరం. ఒకనాడు వణికించి, ఒకనాడు విడిచి, మళ్ళీ పట్టుకునే జ్వరం. చెడుగాలి వల్ల, కుంటల నుంచి లేచే ఆవిరి వల్ల వస్తుందని దొరలూ నమ్మినారు. మలేరియా అన్న ఇటాలియన్ మాటకు అర్థమే చెడుగాలి. మన ప్రాంతంలో 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కె.సి. కాలువ పొలాలకు నీళ్ళు తెచ్చింది, వరి తెచ్చింది. కాలువ నీరు ఎక్కడ ఆగి నిలిచినా అక్కడ దోమలూ పుట్టుకొస్తాయి. నీళ్ళున్న చోట జ్వరం ఉంటుందని జనం అనుభవం మీద తెలుసుకున్నారు. కానీ నీటికీ జ్వరానికీ నడుమ ఉన్నది ఏమిటో తెలియలేదు.

1880లో ఆల్జీరియాలో పనిచేస్తున్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్, చలిజ్వరం పట్టిన ఒక సైనికుడి రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, అందులో కదిలే జీవులను కనిపెట్టినాడు. అంటే రోగం గాలిలో లేదు, రక్తంలో ఉంది. అయితే ఒకరి రక్తంలోది ఇంకొకరి రక్తంలోకి ఎట్లా పోతుంది? అది తేలలేదు.

రెండోసారి సెలవు మీద లండనుకు పోయిన రాస్ 1894లో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుణ్ణి కలిసినాడు. మాన్సన్ చైనాలో ఉండగా బోదకాలు పురుగుల మీద పనిచేసి, రోగి రక్తంతో పాటు అవి దోమ ఒంట్లోకి పోతాయని చూపించినవాడు. ఆ పురుగులు పగలు రక్తంలో కనపడవని, రాత్రిపూట తీసిన రక్తంలోనే గుంపులుగా ఉంటాయని గుర్తించినది కూడా ఆయనే. బోదకాలు సర్వేకు ఆరోగ్య సిబ్బంది పొద్దుపోయాక రక్తం తీయడానికి వచ్చే పద్ధతి అందులో నుంచి పుట్టినదే. నమూనా తీయడంలో చేయి ఎంత ముఖ్యమో వేళ కూడా అంత ముఖ్యం.

లావెరాన్ మాట మీద అంతకు ముందు రాస్‌కు నమ్మకం లేదు. రక్తంలో ఏ పురుగూ లేదని వాదిస్తూ వ్యాసాలు కూడా రాసినాడు. మాన్సన్ అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని రోగుల రక్తంలో ఆ జీవులను స్వయంగా చూపించినాడు. కండ్లతో చూసిన తరువాత రాస్ తన మాట మార్చుకున్నాడు. మలేరియాను కూడా దోమే మోస్తుందేమో చూడమని మాన్సన్ చెప్పిన ఊహను మనసులో పెట్టుకొని 1895లో తిరిగి ఓడ ఎక్కినాడు.

సికిందరాబాదులో రెండేండ్ల ఓటమి

సికిందరాబాదు నైజాం రాజ్యంలో బ్రిటిషు దండు ఉన్న ఊరు. 19వ మద్రాసు పదాతి దళానికి వైద్యుడిగా రాస్ అక్కడికి వచ్చినాడు. పరిశోధనకని ఎవరూ పంపలేదు. పొద్దున సిపాయిలకు వైద్యం, మిగిలిన వేళ సొంత సూక్ష్మదర్శినితో, సొంత డబ్బులతో పరిశోధన.

పని చెప్పుకోవడానికి సులభమే. మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టాలి. లోపల దోమలను వదలాలి. రక్తం తాగిన దోమలను పట్టి, కొన్ని రోజులు బతికించి, ఒక్కొక్కదాన్ని కోసి, దాని కడుపులో ఏముందో చూడాలి. చేయబోతే తెలుస్తుంది కష్టం. ముందుగా తగిన రోగి కావాలి. జ్వరం ఉన్న ప్రతివాడూ పనికిరాడు. రక్తంలో నెలవంక ఆకారంలో ఉండే పరాన్నజీవులు ఉన్నవాడే కావాలి, ఎందుకంటే దోమ కడుపులో ఎదగగలిగినవి అవే. జ్వరం మొదలైన చాలా రోజులకు గానీ అవి కనపడవు. అప్పటికి రోగికి జ్వరం తగ్గి, లేచి తిరుగుతుండవచ్చు కూడా. కాబట్టి ఒక్కొక్క రోగి వేలినీ గుచ్చి, ఒక్కొక్క చుక్కనూ చూసుకుంటూ పోవాలి.

వేలు గుచ్చించుకోవడానికి ఎవరు ముందుకు వస్తారు? జ్వరం తగ్గిన మనిషిని పిలిచి మళ్ళీ రక్తం ఇమ్మంటే అనుమానం రాకుండా ఉంటుందా? పైగా అడిగేది దొర, దండులో అధికారి. రాస్ దీనికి డబ్బు మార్గం పట్టినాడు. రక్తం ఇచ్చినవారికి, దోమలతో కుట్టించుకున్నవారికి ప్రతిఫలం ఇచ్చినాడు. 1895లో అబ్దుల్ ఖాదిర్ అనే రోగి రక్తంలో నెలవంకలు దొరికినాయి. ఆయన రక్తం తాగిన దోమల కడుపులో పరాన్నజీవి రూపం మారడం రాస్ చూడగలిగినాడు. తరువాత అవి ఏమవుతున్నాయో అంతుపట్టలేదు.

ఆ సంవత్సరమే జరిగిన మరొక సంగతి చెప్పక తప్పదు. దోమలు నీటిలో చచ్చిపోయి, ఆ నీరు తాగిన వారికి రోగం వస్తుందని మాన్సన్ అనుకునేవాడు. దానిని పరీక్షించడానికి లచ్చుమన్ అనే ఆరోగ్యవంతుడైన యువకుడికి, రోగి రక్తం తాగిన దోమలు చచ్చిన నీటిని రాస్ తాగించినాడు. పదకొండు రోజులకు అతనికి కొద్దిపాటి జ్వరం వచ్చి పోయింది. రక్తంలో మాత్రం పరాన్నజీవులు లేవు. లచ్చుమన్‌కు ఏమీ కాకపోవడం అదృష్టం. ఇప్పుడైతే ఏ వైద్యుడైనా, నైతిక సంఘం అనుమతీ, మనిషికి పూర్తిగా వివరించి తీసుకున్న సమ్మతీ లేకుండా ఇట్లాంటి పని తలపెట్టకూడదు. మహనీయుల జీవితాలను చదివేటప్పుడు ఇట్లాంటి పుటలను తిప్పేసి పోకూడదు.

అసలు పొరపాటు ఎక్కడుందంటే, దోమలన్నీ ఒకటే అనుకోవడంలో. రాస్ పట్టి తెప్పించిన దోమలు బూడిద రంగువి, ఒంటి మీద చారలున్నవి. అవి మనిషి మలేరియాను మోయవు. రోగి సరైనవాడే, చుక్క సరైనదే, దోమ మాత్రం వేరే. నెలల తరబడి కోసినా కడుపులో ఏమీ కనపడకపోవడానికి అదే కారణం. 1895 సెప్టెంబరులో బెంగుళూరులో కలరా లేస్తే ప్రభుత్వం ఆయనను అక్కడికి పారిశుద్ధ్యం పనికి పంపింది. పరిశోధనకు తెరపడినట్లే అయింది. కానీ నీరు, మురుగు, రోగం ఎట్లా కలిసి నడుస్తాయో ఆ ఊరి వీధులలో బాగా తెలుసుకున్నాడు.

1897 వేసవిలో ఊటీ దగ్గరి సిగూరు లోయకు మలేరియాను చూడటానికి పోయి, తానే మలేరియా పాలైనాడు. ఆ ప్రాంతంలో, రెక్కల మీద మచ్చలున్న, కూర్చునే తీరు వేరుగా ఉన్న ఒక దోమను గమనించినాడు. కోలుకొని జూన్‌లో మళ్ళీ సికిందరాబాదు చేరినాడు.

1897 ఆగస్టు 20

ఆ ఏడు ఎండలు దారుణం. బేగంపేట ఆసుపత్రిలో చిన్న గది. పంకా ఊపిస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయి కాబట్టి పంకా లేదు. నుదుటి చెమట పడి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టినాయి. దాని కంటి అద్దం పగిలింది. చూసి చూసి కండ్లు మసకలు కమ్మేవి.

ఆగస్టు నడుమ పనివారు తెచ్చిన దోమ పిల్లలలో నుంచి, తాను ఎదురు చూస్తున్న మచ్చల రెక్కల దోమలు పుట్టుకొచ్చినాయి. ఆసుపత్రిలో అప్పుడు హుసేన్ ఖాన్ అనే రోగి ఉన్నాడు. అతని రక్తంలో నెలవంకలు ఉన్నాయి. ఆగస్టు 16న హుసేన్ ఖాన్‌ను దోమతెరలో పడుకోబెట్టి ఆ దోమలను వదిలినారు. కడుపు నిండా రక్తం తాగిన దోమకు ఒక్కొక్క అణా చొప్పున అతనికి చెల్లించినారు.

దోమలు కొన్ని చచ్చినాయి, కొన్నిటిని కోసి చూసినా ఏమీ కనపడలేదు. 20వ తేదీకి రెండే మిగిలినాయి. ఆనాటి మధ్యాహ్నం, అలసిన కండ్లతో, వాటిలో ఒకదాన్ని కోసి కడుపు గోడను అంగుళం అంగుళం చూస్తూ పోయినాడు. ఉన్నట్టుండి ఒక గుండ్రటి కణం కనపడింది. దోమ కడుపు కణాల వంటిది కాదు. లోపల నల్లటి రేణువులు. ఆ రేణువులు ఆయనకు బాగా తెలిసినవే. రెండేండ్లుగా రోగుల వేళ్ళ నుంచి తీసిన రక్తంలో, మలేరియా జీవి ఒంట్లో చూస్తున్న నల్లటి రంగు అదే. మరునాడు మిగిలిన ఒక్క దోమనూ కోసినాడు. అందులోనూ అవే కణాలు, ఒకరోజు ఎక్కువ పెరిగి, మరికొంత పెద్దవిగా ఉన్నాయి. అంటే అవి బతికి ఎదుగుతున్నాయి.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ కణాన్ని ఆనాడు ఇంకెవరు చూసినా అదేమిటో తెలిసేది కాదు. రోగి రక్తపు చుక్కను వందలసార్లు చూసి ఉన్న కంటికే దోమ కడుపులోని నల్ల రేణువు ఆనవాలు దొరికింది. పేరు తెచ్చినది దోమ కావచ్చు. గురువు మాత్రం వేలికొన చుక్కే.

రాస్ ఆనందం పట్టలేక ఒక పద్యం రాసి భార్యకు పంపినాడు. ఆ తరువాత దోమ కడుపు నమూనాలను మరొక వైద్యునికి చూపించి, మాన్సన్‌కూ పంపించి, వ్యాసం రాసినాడు. అది 1897 డిసెంబరు 18 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. తాను చూసినది వేరొకరు కూడా చూడగలిగేటట్టు భద్రపరచడం ప్రయోగశాల పనికి ప్రాణం.

కలకత్తా: భయపడిన జనం, పిచ్చుకల సాయం

ఇంకొక నెల గడువు దొరికి ఉంటే పని మొత్తం సికిందరాబాదులోనే ముగిసేదేమో. కానీ సెప్టెంబరులోనే ప్రభుత్వం ఆయనను రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేసింది. అక్కడ మలేరియా రోగులే అంతంత మాత్రం. మాన్సన్ లండనులో పట్టుబట్టి అడిగితే, 1898 మొదట్లో కలకత్తాలో పరిశోధనకు అనుమతి వచ్చింది.

కలకత్తాలో మంచి ప్రయోగశాల దొరికింది, రోగులు దొరకలేదు. ఆ రోజుల్లో ప్లేగు భయం దేశమంతా కమ్ముకొని ఉంది. ప్లేగు టీకాల మీద రకరకాల పుకార్లు లేచినాయి. సర్కారు డాక్టరు సూది చేత పట్టుకొని వస్తే ప్లేగు ఎక్కిస్తాడని జనం పారిపోయేవారు. వేలికొన గుచ్చనివ్వమంటే ఎంత డబ్బిస్తామన్నా ఒప్పుకోలేదు. సికిందరాబాదులో పనిచేసిన అణాలు ఇక్కడ పనిచేయలేదు. జనాన్ని మూఢులని తిట్టడం తేలిక. తనిఖీల పేరుతో ఇండ్లలోకి చొరబడి, మనుషులను బలవంతంగా తరలించిన ప్రభుత్వం పంపిన సూదిని నమ్మమంటే ఎట్లా నమ్ముతారు? నమ్మకం లేని చోట నమూనా దొరకదు.

రాస్ మనుషులను వదిలి పక్షులను పట్టుకున్నాడు. పిచ్చుకలకు కూడా మలేరియా వంటి రోగం ఉంది, దానిని మోసేది ఆయన ఇదివరకు వృథాగా కోసిన బూడిద రంగు దోమ జాతే. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమలను పెంచడంలో, పట్టడంలో ఎంతో తోడ్పడినాడు. 1898 జూలైలో, దోమ కడుపు గోడ మీది కణాలు పగిలి, వాటిలోని సన్నటి జీవులు దోమ లాలాజల గ్రంథికి చేరుతున్నాయని రాస్ చూసినాడు. ఆ దోమలు కుట్టిన ఆరోగ్యమైన పిచ్చుకలకు రోగం వచ్చింది. చిక్కుముడి వీడింది. రోగం నీటి వల్ల కాదు, గాలి వల్ల కాదు, దోమ కాటు వల్ల. అదే ఏడు చివరలో ఇటలీలో గ్రాసీ, బిగ్నామీ, బాస్టియనెల్లీ మనిషి మలేరియా విషయంలో అనాఫిలిస్ దోమతో ఇదే సత్యాన్ని పూర్తిగా రుజువు చేసినారు.

కీర్తి, కలహం

1899లో రాస్ ఉద్యోగం విడిచి, లివర్‌పూల్‌లో కొత్తగా పెట్టిన ఉష్ణమండల వైద్య విద్యాలయంలో అధ్యాపకుడైనాడు. 1902లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ శాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న తొలి బ్రిటిషు పౌరుడు ఆయనే. 1911లో సర్ బిరుదు వచ్చింది. ఆఫ్రికా పశ్చిమ తీరం, సూయజ్ కాలువ ప్రాంతం, గ్రీసు, మారిషస్ దీవి తిరిగి దోమల నిర్మూలన ఎట్లా చేయాలో చెప్పినాడు. చిన్ననాటి గణితం కూడా అక్కరకు వచ్చింది. చివరి దోమ దాకా చంపనవసరం లేదనీ, దోమల సంఖ్యను ఒక హద్దు కిందికి తెస్తే చాలు, మలేరియా దానంతట అదే అణగిపోతుందనీ లెక్కగట్టి చూపినాడు. అంటురోగాల గణితానికి పునాది వేసినవారిలో ఆయన ఒకడు. కరోనా కాలంలో పత్రికలలో మనం చదివిన వ్యాప్తి లెక్కలకు మూలాలు వెదికితే ఆయన దాకా పోతాయి.

మన అంశానికి సంబంధించినది ఇంకొకటి. 1903లో రాస్ రక్తపు నమూనా పట్టే కొత్త పద్ధతి ఒకటి ప్రకటించినాడు. అంతవరకు చుక్కను గాజుపలక మీద పలుచగా పరిచి చూసేవారు. పరాన్నజీవులు కొద్దిగా ఉంటే ఆ పలుచటి పూతలో దొరికేవి కావు. చుక్కను మందంగా ఆరనిచ్చి, నీటితో ఎర్రరంగును కడిగేసి, తరువాత రంగు వేసి చూస్తే, తక్కువ చోటులో ఎక్కువ రక్తాన్ని వెదకవచ్చునని ఆయన చూపించినాడు. ఆ మందపు పూత పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పట్టే మలేరియా స్లైడు మీద ఒక మందపు చుక్క, పక్కన ఒక పలుచటి పూత ఉంటాయి. మలేరియా ఉందా లేదా అన్నది మందపు చుక్క చెబుతుంది. ఏ రకం మలేరియా అన్నది పలుచటి పూత చెబుతుంది.

గొప్పవాడికి గొప్ప గుణాలే ఉంటాయనుకోకూడదు. రాస్‌కు కోపం ఎక్కువ. గ్రాసీతో ఎవరు ముందు కనిపెట్టినారన్న తగాదా ఏండ్ల తరబడి నడిచింది. ఇరువైపులా మాటలు హద్దు దాటినాయి. గురువు మాన్సన్‌తో కూడా మనసు చెడింది. తన కృషికి ప్రభుత్వం ధనరూపంలో ఏమీ ఇవ్వలేదని అర్జీలు పెట్టుకున్నాడు, దక్కలేదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధంలో పెద్దకొడుకు చనిపోయినాడు. 1928లో తన పరిశోధన కాగితాలను రెండు వేల పౌండ్లకు అమ్ముకున్నాడు. అంతకు రెండేండ్ల ముందు, 1926లో, ఆయన పేరున లండనులో రాస్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. 1931లో భార్య పోయింది. 1932 సెప్టెంబరు 16న, 75 ఏండ్ల వయసులో రాస్ కన్ను మూసినాడు.

సికిందరాబాదులో ఆయన పనిచేసిన బేగంపేట కట్టడం ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చి, ఆయన పేరు మీద పరాన్నజీవి శాస్త్ర సంస్థ అయింది. హైదరాబాదు నల్లకుంటలోని ఫీవరాసుపత్రికి కూడా ఆయన పేరు పెట్టినారు. ఆగస్టు 20ని లోకమంతా దోమల దినంగా జరుపుకుంటుంది. హుసేన్ ఖాన్ పేరు మాత్రం పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనపడుతుంది. కానీ ఆ రోగి వేలు చాపకపోతే, తెరలో పడుకోకపోతే, ఆ ఆగస్టు 20 లేదు.

మనకు మిగిలిన పని

రాస్ చూపిన దారిలోనే మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలైనాయి. ఇంటింటికీ డి.డి.టి. చల్లినారు. మలేరియా వర్కరు పదిహేను రోజులకొకసారి గడప గడపకూ వచ్చి, ఇంట్లో జ్వరం ఎవరికని అడిగి, వేలు గుచ్చి, స్లైడు పట్టి, మాత్రలిచ్చి, గోడ మీద తేదీ వేసి పోయేవాడు. మన అధ్యాపకులలో, పూర్వ విద్యార్థులలో ఆ గోడ మీది గళ్ళు చూసి పెరిగినవారు ఎందరో ఉంటారు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చి, ఎనిమిది లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1965 నాటికి అది లక్ష కేసులకు దిగింది. గెలిచినామనుకొని చేతులు దులుపుకున్నాము. 1976లో మళ్ళీ 64 లక్షలు దాటింది. స్లైడు పట్టడం తగ్గితే రోగం పెరుగుతుందన్న పాఠాన్ని ఇంతకన్నా గట్టిగా ఎవరు చెప్పగలరు? 2030 నాటికి దేశంలో మలేరియాను లేకుండా చేయాలని ఇప్పుడు ప్రభుత్వం పెట్టుకున్న గడువు.

ఈ పనిలో రేపు మన విద్యార్థులు చాలామంది చేరుతారు. కొందరు ల్యాబ్ టెక్నీషియన్లు, కొందరు నర్సులు, కొందరు డాక్టర్లు అవుతారు. వారికి రాస్ జీవితం నుంచి రెండు మాటలు. మొదటిది చేతి శ్రద్ధ. మందు మింగక ముందే రక్తం తీయాలి. స్పిరిటు ఆరాక గుచ్చాలి. మొదటి చుక్కను తుడిచి రెండవ చుక్క పట్టాలి. గొంతు నమూనా అయితే నాలుకకు, దవడకు తగలకుండా, పుండు ఉన్న చోటే అద్దాలి. ముక్కు నమూనా అయితే పుల్ల చేరవలసిన లోతుకు చేరాలి. సీసా మీద పేరు, తేదీ తప్పు లేకుండా రాయాలి, చల్లదనం చెడకుండా పంపాలి. నమూనా తప్పుగా తీస్తే ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పే చెబుతుంది. రోగం ఉన్నవాడు లేదనిపించుకొని ఇంటికి పోతాడు, ఇంట్లో వాళ్ళకు అంటిస్తాడు.

రెండవది మనిషి మీద గౌరవం. రాస్ అణాలతో కొనుక్కున్నాడు. కలకత్తాలో అణాలు చాలలేదు. మనం నమ్మకంతో అడగాలి. ఎందుకు గుచ్చుతున్నామో, ఏం వెదుకుతున్నామో రోగికి అర్థమయ్యే మాటలలో చెప్పాలి. చదువు రాని అవ్వ అయినా, పొలం పని చేసే కూలి అయినా, ఫలితం ఏమి వచ్చిందో తిరిగి చెప్పడం మన బాధ్యత. ఇచ్చిన చుక్క రక్తానికి మనం చెల్లించవలసిన అసలు ప్రతిఫలం అదే. రాస్‌లోని పట్టుదలనూ, హుసేన్ ఖాన్‌కు దక్కవలసిన గౌరవాన్నీ కలిపి చేతబట్టుకున్నవాడే మంచి ఆరోగ్య కార్యకర్త. అట్లాంటి వారు మన కళాశాల నుంచి, మన పల్లెల నుంచి పదిమంది బయలుదేరినా, 1897లో సికిందరాబాదులో మొదలైన పనికి మన వంతు మనం చేసినట్లే.